చెవిలో ఒక్క గొంతు

ఒడిశా తీరాన సోనేపూర్ దగ్గర బహుదా నది మొగలో ఏజెంట్ మసేను శవం తేలింది. మెడ మీద ఒకే ఒక్క సూది గాటు. ఆ వారంలోనే ధనరాజుకి ఆర్డర్ వచ్చింది.

"తీర రాడార్ కోడ్‌లు ఒక చిప్‌లో సముద్రం దాటి శత్రుదేశానికి పోబోతున్నాయి. పంపే ముఠా ఎప్పుడు కదులుతుందో తెలీదు. ఆపాలి," అంది అతని హ్యాండ్లర్ హేమ.

ధనరాజు ఎండుచేపల వ్యాపారి వేషంలో సోనేపూర్‌లో గది తీసుకున్నాడు. నెలలు గడిచాయి. అతన్ని సొంత పేరుతో పిలిచేది వైర్‌లెస్ ఇయర్‌బడ్‌లోని హేమ గొంతు ఒక్కటే. ఆమెను ఎన్నడూ చూడలేదు. ఆ గొంతు ఎప్పుడొస్తుందోనని బడ్ పెట్టుకునే పడుకునేవాడు. కుడి చెవి మొదట దురద పెట్టింది, తర్వాత సలపసాగింది. లోపల సన్నటి ఈల. ఫోన్‌లో వెతికితే కేన్సర్ అన్న మాట కూడా కనబడింది.

బరంపురంలో చెవి క్లినిక్ నడిపే స్మిత ముఠాకి నమ్మకమైన మనిషి. నిజానికి మన డబుల్ ఏజెంట్. నల్ల పట్టుచీర, ఖరీదైన సెంటు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు.

"రొయ్యలకి రేటుందా?" అడిగాడు ధనరాజు.

"ఐసుంటే ఉంటాది."

కోడ్ సరిపోయింది. ఆమె చెవిలోకి లైటు వేసి చూసింది.

"గాలాడక లోపల పుండు పడింది. రేడియేషన్‌కి భయపడకండి, దాంతో కేన్సర్ వస్తాదని రుజువు లేదు. తడి, రాపిడి, గట్టి సౌండు, ఇవే చెరుపు. మానేదాకా బడ్ పెట్టకండి."

"తీసేస్తే నాతో మాటాడీవోలు లేరు."

స్మిత నవ్వు ఆగిపోయింది. చుక్కల మందు అతని చేతిలో పెడుతూ గొంతు తగ్గించింది. "శుక్రవారం పొద్దున్న. సోనేపూర్ రేవు. నీలం ఐసు పెట్టె."

శుక్రవారం ధనరాజు ఆ చెవిలోనే బడ్ దూర్చుకుని రేవుకెళ్ళాడు. పెట్టె ఇసుక మీదే ఉంది. ఇంతలో హేమ గొంతు.

"ప్లాన్ మారింది. చిప్ ఉప్పు లారీలో ఉంది. వెంటనే హుమ్మ ఉప్పు మళ్ళకి వెళ్ళు."

జీపెక్కి తాళం తిప్పాడు. చెవిలో కత్తి దింపినట్టు పోటు. తట్టుకోలేక బడ్ పీకేశాడు.

అప్పుడు వినబడింది, పక్కనే ఎంతసేపటి నుంచో పిలుస్తున్న గొంతు. గది అద్దెకిచ్చిన సీతాలు.

"ఏటి బాబూ, కేకేత్తంటే ఇనబడదేటి? పొద్దుగాల్నించి ఆ నీలం పెట్టినే సూత్తన్నావు గదా, నీదనుకున్నాను. పడవెక్కించీసినారు, సూడు."

ధనరాజు పరుగెత్తాడు. పడవ ఇంజను అందుకుంది. ఛాతీలోతు నీళ్ళలో పడవ అంచు పట్టుకుని పైకెగబాకాడు. ఎదుటివాడి చేతిలో సిరంజి మెరిసింది. సూది మెడ దాకా వచ్చేసరికి ధనరాజు పడవలోంచి అందుకున్న తెడ్డు వాడి మణికట్టు మీద పడింది. చేపల కింద, ఐసులో, చిప్ దొరికింది.

ఒడ్డున తడి బట్టలతో కూర్చుని, జీపులో వదిలిన ఫోన్ తీసి హేమ అత్యవసర నంబరుకి చేశాడు.

"హుమ్మ వెళ్ళమన్నది మీరేనా మేడమ్?"

"కాదు. మన ఛానల్ శత్రుదేశం వాళ్ళ చేతికి చిక్కిందని ఇప్పుడే తెలిసింది. నా గొంతుని మెషీన్‌తో అనుకరించారు. నిన్నటి నుంచి మాట్లాడింది వాళ్ళే. ఇంకేం అడిగారు?"

ధనరాజు చొక్కా అంచు పిండుతూ చెప్పాడు.

"నిన్న... అన్నం తిన్నావా అని అడిగారు."

"అది రిపోర్టులో రాయక్కర్లేదు," అంది హేమ.

ఫోన్ పెట్టేసి చెవిలో మందు వేసుకున్నాడు. సర్వీసులో చేరాక అతని తిండి సంగతి కనుక్కున్నది శత్రుదేశం ఒక్కటే.