పిచ్చుక ఎంతసేపు ఆగగలదు

“ఆ గ్లాసు తీసెయ్ అక్కా. ఆపరేషనుకు ముందు ఆరు గంటలు ఏమీ పెట్టకూడదని కాగితంలో రాశారు. నా కూతురికి నేనున్నాను, నువ్వు ఆస్పత్రికి రానక్కర్లేదు” అంది చిన్నకోడలు.

పెద్దకోడలు పిండినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. “అది అందరికీ ఇచ్చే కాగితమే...” అని మాత్రం గొణిగింది.

పిచ్చుక అని పిలుచుకునే చిన్నకోడలి ఆరేళ్ళ కూతురికి పుట్టుకతోనే ఒక లోపం. కడుపు ఖాళీ అయితే అందరికీ ఒంట్లో కొవ్వు కరిగి శక్తినిస్తుంది; ఆ పిల్లకు ఇవ్వదు. మూడు గంటలకోసారి ఏదో ఒకటి పట్టాలి. తల్లి బట్టలు కుట్టే కార్ఖానాకు పోతుంది గనుక ఆ పనంతా పెద్దకోడలిదే. పిల్ల నిద్రలో కలవరించినా పెద్దమ్మే... నవమాసాలు మోసింది నేనైతే కొంగు పట్టుకునేది ఆవిడదా అని తల్లి గుండెలో ముల్లు గుచ్చుకునేది.

ఆస్పత్రిలో మత్తు డాక్టరమ్మ వస్తూనే నిలదీసింది. “ఈ జబ్బున్న పిల్లను పస్తుంచారా? ఎన్ని గంటలు ఆగగలదు? ఇదివరకు ఏ మత్తు ఇచ్చారు?”

తల్లికి ఒక్కటీ తెలియదు. పన్ను తీయించినప్పుడు వెంట వెళ్ళింది పెద్దకోడలు. పిల్ల మగతగా ఆవలిస్తోంది. ఒంట్లో చక్కెర పడిపోయిందని నర్సు గబగబా గ్లూకోజు ఎక్కిస్తోంది. తల్లి ఫోను తీసింది.

“అక్కా...”

“ఆవలిస్తోందా? కింద మెట్ల దగ్గరే ఉన్నాను, వస్తున్నా.”

పెద్దకోడలు రొప్పుతూ వచ్చి, పన్ను తీసినప్పుడు డాక్టరు రాసిచ్చిన చీటీ అందించింది. “నాలుగు గంటలు దాటితే తూలుతుందండీ. పాలలా తెల్లగా ఉండే మత్తుమందు దీనికి వద్దన్నారు, అందులో నూనె ఉంటుందట. వేరేది ఇచ్చారు.”

డాక్టరమ్మ చదివి తల పంకించింది. “చక్కెర సర్దుకున్నాకే మత్తు. గ్లూకోజు ఆపం.”

గంట తరువాత పిలుపు వచ్చింది. నిద్రపోయేదాకా ఒక్కరు లోపలికి రావచ్చు. ఇద్దరూ లేచారు. పెద్దకోడలు చటుక్కున కూర్చుండిపోయింది.

“నువ్వెళ్ళవే. తల్లివి.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది తల్లికి. పిచ్చుక చెయ్యి చాపింది... తనవైపు కాదు.

“నువ్వే పో అక్కా. నేను పోతే అది భయపడి ఏడుస్తుంది.”

తలుపు మూసుకుంది. లోపల పెద్దమ్మ ఏదో చెబుతుంటే పిల్ల కిలకిలా నవ్వింది. తల్లి గుండెలో ఆ పాత ముల్లు మళ్ళీ కలుక్కుమంది. నవ్వుతోంది గదా అనుకుని, ముల్లును అలాగే ఉండనిచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.