చల్లారే అరగంట

"బాగు చెయ్యకండి భయ్యా. చూసినట్టు చూసి, అవ్వదని చెప్పి వెళ్లిపోండి."

తలుపు తీస్తూనే ఆ అమ్మాయి గుసగుసగా అన్న మాట అది. ఇమ్మాను చేతిలో టూల్స్ సంచీ, నెత్తిన జూలై వాన. సుపేలా బజారులో తను పనిచేసే కంప్యూటర్ షాపు నుంచి సెక్టార్ ఫైవ్ క్వార్టర్స్ దాకా సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు.

"ఏటండీ? ఫోన్ చేసి పిలిచింది మీరే కదా?"

"నేను కాదు. మా నాన్న."

"షీబా! కంప్యూటర్ కుర్రాడేనా? లోపలికి పంపు!" అని గదిలోంచి గొంతు వినిపించింది.

షీబా పక్కకి తప్పుకుంది గానీ, ఉరిమి చూసింది. ఆ కళ్లు చూశాక ఎందుకొచ్చాడో ఇమ్మానుకి కాసేపు గుర్తు రాలేదు.

గదిలో పగలే చీకటి. కర్టెన్లు వేసి ఉన్నాయి. స్క్రీన్ ముందు కూర్చున్న డేవిడ్‌రాజ్‌కి యాభై ఏళ్లుంటాయి. చొక్కా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి పిన్ను పెట్టి ఉంది. ఎనిమిది నెలల కిందట స్కూటర్ మీద డ్యూటీకి వెళ్తుంటే లారీ గుద్దింది. అప్పటినుంచి ఆయన వీధి గుమ్మం దిగలేదు. కార్ల రేసు ఆడటానికి మాత్రం ఒక్క చెయ్యి చాలు.

"ఉత్తప్పుడు బానే ఉంటాది బాబూ. రేసు మొదలెట్టిన పావుగంటకి ఠప్పున ఆరిపోతాది."

ఇమ్మాను డబ్బా విప్పాడు. ప్రాసెసర్ మీది ఫ్యాన్ దుమ్ముతో గడ్డకట్టుకుపోయి ఉంది. దాని కింద వేడి లాగే పేస్టు ఎండి పెచ్చులూడుతోంది.

"గేమ్ ఆడితే బాగా వేడెక్కుతాది అంకుల్. కాలిపోకుండా తనంతట తనే ఆఫైపోతాది."

బ్రష్షుతో దులిపి, కొత్త పేస్టు రాసి బిగించాడు. రేసు గంటసేపు ఆగకుండా నడిచింది. డేవిడ్‌రాజ్ స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు.

గుమ్మం దగ్గర షీబా కళ్లనిండా నీళ్లు.

"నా పని నేను చేసేను కదండీ!"

"చేసేరు. బస్, చాలు. ఇక వెళ్లండి."

రెండు వారాల తర్వాత ఆదివారం చర్చి విడిచేసరికి మళ్లీ వాన. పోర్టికో కింద ఆమె ఒక్కతే నిలబడి ఉంది. బాగు చెయ్యొద్దని ఎందుకన్నారని ఇమ్మాను ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మ లేదు. ఇంట్లో మేమిద్దరమే. కాలేజీ కూడా మానేసేను," అంది షీబా. "అది ఆరిపోతే, చల్లారేదాకా అరగంట నాన్న వరండాలోకొచ్చేవారు. నాతో టీ తాగేవారు. ఇప్పుడది ఆరిపోదు భయ్యా. ఆయన బయటికి రారు."

"పోనీ, మళ్లీ పాడు చేసెయ్యనా?"

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే కళ్లు తుడుచుకుంది. "వద్దు. గెలిచినప్పుడు నవ్వుతున్నారు."

"ఒక్క రిక్వెస్టు. ఆ భయ్యా అనడం మానెయ్యండి."

షీబా తల దించుకుంది. మళ్లీ ఆ మాట అనలేదు.

ఆ సాయంత్రం ఇమ్మాను ఊరుకోలేక డేవిడ్‌రాజ్ దగ్గరకెళ్లి షీబా అన్నదంతా చెప్పేశాడు. ఆయన మొహం నల్లబడింది.

"కంప్యూటర్ కోసం పిలిచేను నిన్ను. మా ఇంటి సంగతి నీకేటి? పో!"

గేటు దగ్గర షీబా దారికి అడ్డం నిలబడింది. "నీతో చెప్పుకున్న మాట నాన్న చెవినేసేవా? ఇంకెప్పుడూ ఇటు రాకు."

ఆగస్టు అంతా వాన కురుస్తూనే ఉంది. ఇమ్మాను ఆ వీధి వైపు వెళ్లలేదు. క్యాంప్ టూలో తన ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి. ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం షీబా షాపుకొచ్చింది. చిక్కిపోయి ఉంది.

"నువ్వెళ్లిన రోజు నుంచీ నాన్న కంప్యూటర్ ముట్టలేదు. నాతో మాటా లేదు. అలా గోడవైపు తిరిగి పడుకునేవారు. భయమేసింది."

"తప్పు నాదే."

"విను. నిన్న లేచొచ్చి, కాలేజీ ఎందుకు మానేసేవని అడిగేరు. మీకోసమేనని చెప్పేను. చాలాసేపు ఏడ్చేరు. రేపు దుర్గ్‌లో కాలేజీకెళ్లి మళ్లీ చేర్పిస్తారట. నిన్నూ రమ్మన్నారు."

"ఆయన రమ్మన్నారా, నువ్వు రమ్మంటున్నావా?"

"బస్సు తొమ్మిదింటికి," అనేసి గబగబా వెళ్లిపోయింది.

మర్నాడు బస్టాపులో డేవిడ్‌రాజ్ తలొంచుకుని నిలబడ్డాడు. ఖాళీ చొక్కా చేతిని జనం చూస్తున్నారు. ఆయన నుదుటి మీద చెమట. బస్సు రాగానే మెట్టు మీద కాలుపెట్టి ఆగిపోయాడు. ఇమ్మాను వెనకనుంచి ఆయన వీపుకి చెయ్యి ఆనించాడు. ఆయన విదిలించుకోలేదు. ఎక్కాడు.

మధ్యలో ఇద్దరు కూర్చునే సీటొకటి ఖాళీగా ఉంది. డేవిడ్‌రాజ్ దాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు, ఇమ్మానుని చూశాడు. ముందుకెళ్లి, డ్రైవర్ వెనక ఎవరో ముసలాయన పక్కన కూర్చున్నాడు.

ఆ ఖాళీ సీట్లో ఇమ్మాను, షీబా బిగుసుకుని కూర్చున్నారు. కిటికీ అద్దం మీద చినుకులు జారుతున్నాయి.

"మీ నాన్నకెలా తెలిసింది?" అన్నాడు ఇమ్మాను మెల్లగా.

"ఏటి?"

"నేనింకా నీకే చెప్పని మాట."

షీబా మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

"నేనే చెప్పేను."