ఖమ్రున్నీసా ఫోటో

పులివెందులలో మగ్రిబ్ అజాన్ అయిపోయి వెలుగు తగ్గుతోంది. ఆఫ్రీన్ నడవలో స్టాండు మీద కెమెరా బిగించి, ఎదుట కుర్చీకి చనిపోయిన అత్త బురఖా తొడిగింది. శుక్రవారం జమ్మలమడుగులో ఒక నిఖా ఉంది. ఆడవాళ్ల వైపు మగ ఫోటోగ్రాఫరు రాకూడదు కాబట్టి, ఫోటోలు తీయడం నేర్చుకుని నెల కాకుండానే ఆమెకు ఆ పని దొరికింది. నల్లబట్టను ఫోటో తీయడం కొత్తవాళ్లకు కష్టమని, ముందు దాని మీదే చెయ్యి తిరిగేలా చూసుకోమని ప్రొద్దుటూరు స్టూడియోలో నేర్పిన యశోదమ్మ చెప్పింది. కూర్చోబెట్టడానికి ఇంట్లో ఇంకో మనిషంటూ ఉంటే కదా.

మొగుడు దావూద్ కువైట్‌లో ఉన్నాడు. అత్త ఖమ్రున్నీసా పోయి నలభై రోజులు. తల్లి మట్టికి కూడా అతను రాలేకపోయాడు. చూసుకుందామంటే ఆధార్ కార్డులోని మసక బొమ్మ తప్ప ఒక్క ఫోటో లేదు. ఎవరు ఫోను ఎత్తినా ఆ మహాతల్లి లేచి, చుట్టూ తిరిగొచ్చి, తీసేవాళ్ల వెనక నిలబడేది.

ఫ్లాష్ లేకుండా, షట్టరు రెండు సెకన్లు తెరుచుకుని ఉండేలా పెట్టింది. అలా తీస్తే కదలనివన్నీ స్పష్టంగా వస్తాయి, కదిలింది మాత్రం పొగలా చెదిరిపోతుంది. క్లిక్. కుర్చీ కాళ్లు, గోడ మీది మేకు, అన్నీ చక్కగా వచ్చాయి. బురఖా తల దగ్గర చెదిరింది.

గాలేమో అనుకుని ఫ్యాను ఆపింది, కిటికీ మూసింది. మళ్లీ తీసింది. మళ్లీ తల దగ్గరే... ఎవరో మొహం తిప్పుకున్నట్టు.

రెండడుగులు వెనక్కి వేసింది. అయినా పారిపోలేదు. నలభై రోజులుగా ఆ ఇంట్లో ఇంకో గొంతు వినపడలేదు మరి. భయం కన్నా, ఎవరో ఉన్నారన్న ఆశే ఎక్కువైంది.

"అత్తా," అంది గుసగుసగా. "ఒక్కసారి కదలకుండా కూచో. నీ కొడుకు నిన్ను చూడాలని శానా ఏడుస్తాండాడు."

క్లిక్. ఒకటి... రెండు...

ఈసారి బురఖా కుట్లతో సహా స్పష్టంగా వచ్చింది. కుర్చీకి వేలాడే ఒట్టి బట్ట. అందులో ఎవరూ లేరు.

మెడ వెనక జర్దా వాసన వచ్చింది. అత్త నోటి వాసన. ఫోటో అనగానే ఆమె ఎక్కడికి పోయి నిలబడేదో ఆఫ్రీన్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

వెనక్కి తిరగలేదు...

ఫోను మోగింది. దావూద్ వీడియో కాల్. ఎత్తి, తన వెనక ఏముందో కనపడకుండా తెర మూలన కనపడే తన బొమ్మను బొటనవేలితో మూసేసింది.

"వినపడతాందా?" అంది.

అతని చూపు ఆమె భుజానికి కాస్త పైన ఆగిపోయింది. కళ్లు నిండాయి.

"ఆఫ్రీన్... రవ్వంత పక్కకు జరుగు. అమ్మ సరిగ్గా కనపడల్యా."

ఆఫ్రీన్ కదలలేకపోయింది. ఒక చల్లని చెయ్యి ఆమె భుజం మీద పడి, మెల్లగా పక్కకు జరిపింది.