నాలుగో డబ్బా

"ఈసారి నీకు పిస్టల్ లేదు. నిచ్చెన ఉంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తాబేలు నిచ్చెన వైపు చూశాడు. పద్నాలుగేళ్ళ సర్వీసులో అతనికి ఇంత పొడవైన ఆయుధం ఎవరూ ఇవ్వలేదు. అతని నడక నిదానం, ఆలోచన అంతకంటే నిదానం. అందుకే డిపార్ట్‌మెంట్ ఆ పేరు పెట్టి ముచ్చట తీర్చుకుంది.

"మిషన్?"

"ఒక ఇంట్లో వైఫై స్లోగా ఉంది. బాగుచెయ్యాలి."

తాబేలు నవ్వబోయి, చీఫ్ మొహం చూసి మానుకున్నాడు.

"పిచ్చుక గుర్తుందిగా? విదేశీ ముఠా నడిబొడ్డున కూర్చుని మనకి సమాచారం పంపుతున్న పిల్ల. ప్రతి గురువారం పదకొండింటికి వాళ్ళమ్మకి వీడియో కాల్ చేస్తుంది. నెల రోజులుగా బొమ్మ ఆగిపోతోందట. అమ్మ మొహం గళ్ళుగళ్ళుగా కనిపిస్తోందట. ఈ వారం కూడా ఇంతే అయితే బయల్దేరి వచ్చేస్తానంటోంది. వస్తే సరిహద్దు దాటకముందే చంపేస్తారు."

"ముఠా ఆ కాల్‌ని పట్టుకుంటే?"

"నాలుగు నిమిషాలు తెగకుండా దొరికితే చాలు, ఆ పిల్ల ఏ గదిలో ఉందో కనిపెట్టేస్తారు. అందుకే అమ్మ ట్యాబ్‌ని అమ్మ గదిలోని వైఫై డబ్బాకి తప్ప ఇంకోదానికి కలవకుండా పిచ్చుకే కట్టుదిట్టం చేసింది. పైగా పక్కసందులో, వ్యాన్‌లో, మఖమల్ కాపలా ఉంది. ఆ ఇంట్లో డబ్బాలు బిగించింది మఖమల్ మనుషులే, రిపేరు చేయించమని నా వెంట పడింది కూడా మఖమలే."

మఖమల్ నవ్విందంటే పెద్దపెద్ద రాయబారులు రహస్యాలు కక్కేసేవారు. తాబేలు ఆరేళ్ళుగా ఆమెతో పనిచేస్తున్నాడు. ఆ నవ్వుకి అతనూ చాలాసార్లు తబ్బిబ్బయ్యాడు గానీ, ఆ సంగతి ఏ రిపోర్టులోనూ రాయలేదు.

చీఫ్ చిన్న రిమోట్ చేతిలో పెట్టాడు. "ఆ వ్యాన్ స్పేర్ కీ. ఎర్ర బటన్ నొక్కావంటే లోపలున్నవాళ్ళు బయటికి రాలేరు. ఖైదీల కోసం చేయించిన బండి అది. పొరపాటున నొక్కి మఖమల్ చేత తిట్లు తినకు."

పదీ ముప్ఫైఅయిదుకి తలుపు తీసిన పెద్దావిడ అతని టోపీ, యూనిఫాం, నిచ్చెన, మీసం వరుసగా చూసింది. మీసం దగ్గర కాసేపు ఆగింది.

"నెల రోజులుగా ఫోన్లు చేస్తుంటే ఇవాళ తీరిందా బాబూ మీకు? ఆ నిచ్చెన గోడకి తగలనీకు."

చెవిలోని ఇయర్‌పీస్‌లో మఖమల్ గొంతు పలికింది. "పాలు పొంగాయా?"

"ఇంకా కాగుతున్నాయి," అన్నాడు తాబేలు మెల్లగా. పని మొదలైందని దాని అర్థం.

"ఏం కాగుతున్నాయి?" పెద్దావిడ చెవులు చురుకైనవి.

"రౌటరమ్మా. వేడెక్కింది."

స్పీడ్ టెస్ట్ చేశాడు. హాల్లో రెండొందలు. వంటింట్లో తొంభై. వెనకవైపు పెద్దావిడ గదిలో మూడు. అది పొడుగాటి ఇల్లు. హాల్లో డబ్బా వంటింటి డబ్బాకి, అది గదిలో డబ్బాకి సిగ్నల్ అందించాలి. మెష్ అంటే అదే. మూడోది ఎక్కడా కనబడలేదు.

"ఇక్కడి డబ్బా ఏదమ్మా?"

పెద్దావిడ ఇనప బీరువా తెరిచింది. దుప్పట్ల మధ్య డబ్బా నీలం లైటు మిణుకుమిణుకుమంటోంది.

"ఆ లైటు వెలుగుతుంటే ఎవరో నన్నే చూస్తున్నట్టుంటుంది. నిద్ర పట్టదు బాబూ. అందుకే లోపల పెట్టేశా."

తాబేలుకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక ఏజెంట్ ప్రాణాల మీదికి తెచ్చింది ఈ బీరువానా! డబ్బాని తీసి బల్ల మీద పెట్టి, లైటు మీద నల్ల టేపు అంటించాడు. స్పీడ్ ఎనభైకి లేచింది.

"పాలు పొంగాయి."

"శభాష్!" అంది మఖమల్. ఆరేళ్ళలో ఆమె అతన్ని మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

వెళ్ళబోతూ అలవాటు కొద్దీ ఫోన్‌లో డబ్బాల లిస్టు చూపే యాప్ తెరిచాడు. హాలు, వంటిల్లు, అమ్మ గది. వాటి కింద పేరు లేని నాలుగోది. అమ్మ గది డబ్బా సిగ్నల్ తీసుకుంటున్నది ఆ నాలుగోదాని దగ్గర్నుంచే.

"అమ్మా, మీకు డబ్బాలు ఎన్ని ఇచ్చారు?"

"మూడు. అట్టపెట్టె కూడా దాచాను, చూస్తావా?"

చెవిలో మఖమల్ తొందరపెట్టింది. "పాతదేదో లిస్టులో మిగిలిపోయుంటుంది, వదిలెయ్. కాల్ టైమైంది."

పాతది లిస్టులో మిగలొచ్చు, సిగ్నల్ ఎలా ఇస్తుంది? తాబేలు ఆలోచన అక్కడికి చేరేసరికి పదకొండయింది. ట్యాబ్ మోగింది. పెద్దావిడ అతన్ని గదిలోంచి తోసి గడియ పెట్టుకుంది.

తాబేలు ఫోన్‌లో సిగ్నల్ మీటర్ పెట్టుకుని ఆ నాలుగోదాని కోసం వెతకసాగాడు. హాల్లో ముల్లు కదల్లేదు. వంటింట్లో కొంచెం లేచింది. సందు వైపు కిటికీ దగ్గర చివరిదాకా పోయింది. ఒకటిన్నర నిమిషం గడిచింది.

"ఎక్కడికీ కదలకు," అంది మఖమల్. "ఇంకో రెండున్నర నిమిషాలు లైను ఇలాగే ఉంటే మాకు చాలు."

తాబేలు నిలుచున్నచోటే నిలిచిపోయాడు.

మాకు.

ఆరేళ్ళుగా ఆమె నోట అన్నీ మన మాటలే. మనకి టైం లేదు, మన వెనక ఎవరో ఉన్నారు, మనం అయిపోయాం. ఈ 'మాకు'లో తాబేలు లేడు. మరెవరున్నారు? కిటికీ బయట వ్యాన్ తప్ప ఏమీ లేదు, అంటే నాలుగో డబ్బా ఉన్నది అందులోనే. నెల కిందట ఇంట్లో డబ్బాలు బిగించింది మఖమల్ మనుషులే. బీరువా పుణ్యమా అని కాల్ తెగుతుంటే ముఠాకి నాలుగు నిమిషాలు దొరకలేదు. అందుకే రిపేరు కావాల్సి వచ్చింది. ఆ రిపేరు తన చేతులతో తనే చేశాడు.

ఎర్ర బటన్ నొక్కాడు. సందులో వ్యాన్ తలుపులు ధడాల్న బిగుసుకున్నాయి.

"ఏయ్! ఏంటిది? తియ్!"

ఆమె బందీ అయింది గానీ, ఆమె మెషిన్ పని ఆగలేదు. తాబేలు హాల్లో డబ్బా వైరు పీకాడు. లాభం లేదు, వ్యాన్‌కి సొంత లైనుంది. మెయిన్ స్విచ్ దించాడు. ఫ్యాన్లు ఆగాయి, లోపల మాటలు ఆగలేదు. గదిలో డబ్బాకి బ్యాటరీ కూడా పెట్టించింది మహాతల్లి మఖమల్. మూడు నిమిషాలు దాటింది.

తలుపు బాదాడు. "అమ్మా! కాల్ కట్ చెయ్యండి!"

"వారానికోసారి కనిపించే పిల్లని నువ్వు చెబితే కట్ చెయ్యాలా? పోయి నీ నిచ్చెన చూసుకో!"

మూడున్నర. చెమటకి టోపీ తడిసిపోయింది. జీవితంలో మొదటిసారి తాబేలుకి చప్పున ఆలోచన తట్టింది.

"అమ్మా, బొమ్మ ఇంకా బాగా రావాలంటే డబ్బాని మళ్ళీ బీరువాలో పెట్టండి! తలుపు గట్టిగా వెయ్యండి!"

"ఇప్పుడేగా తీశావు?"

"పొరపాటైందమ్మా! నేను పనికి కొత్త!"

"అనుకున్నా."

లోపల చెప్పుల చప్పుడు. మూడూ యాభై. బీరువా కిర్రుమంది. యాభైనాలుగు. యాభైఆరు. ఇనప తలుపు ఠంగున పడింది.

"అమ్మాయ్? అమ్మాయ్, వినబడుతోందా?"

ఇయర్‌పీస్‌లో మఖమల్ తిట్టిన తిట్టు మన భాషలోది కాదు.

పెద్దావిడ తలుపు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "నవ్వబోతోంది బాబూ. అప్పుడే పోయింది." తాబేలు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఎందరినో మోసం చేశాడు గానీ, ఏ మోసానికీ ఇంత సిగ్గుపడలేదు.

తాబేలు ఫోన్ చెయ్యగానే చీఫ్ మనుషులు వచ్చి, మఖమల్‌తో సహా వ్యాన్‌ని తీసుకుపోయారు. తాబేలు మెయిన్ స్విచ్ వేసి, పీకిన వైరు బిగించి, నాలుగో డబ్బాని లిస్టులోంచి తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, గదిలోది మళ్ళీ బల్ల మీదికి చేర్చాడు. చీఫ్ మరో దారిన పిచ్చుకకి కబురంపాడు. పదకొండూ నలభైకి ట్యాబ్ మళ్ళీ మోగింది. ఈసారి గడియ పడలేదు.

"చిక్కిపోయావే."

"నువ్వు బాగా కనిపిస్తున్నావమ్మా. చాల్లే, ఇప్పట్లో రాను. ఇక్కడ పనుంది."

తాబేలు హాల్లో నిచ్చెన మడుస్తూ నిలబడ్డాడు. మడిచిన నిచ్చెననే మళ్ళీ విప్పి మడిచాడు.

కాల్ అయ్యాక పెద్దావిడ గుమ్మం దాకా వచ్చింది. "సందులో వ్యాన్‌లో కూర్చునే ఆ అందమైన అమ్మాయిని పట్టుకెళ్ళింది వైఫై కంపెనీవాళ్ళేనా?"

"అవునమ్మా."

"మా అమ్మాయి చేసే ఎక్స్‌పోర్ట్ కంపెనీ కూడా ఇలాంటిదేనా?"

తాబేలు నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. ఆమె నిట్టూర్చి, నిచ్చెన మీంచి ఏదో గిల్లి తీసి అతని అరచేతిలో పెట్టింది. సగం మీసం.

"సర్లే. మన ఆఫీసులో ఓ మాట చెప్పు బాబూ, కాస్త మంచి జిగురు కొనమని."