ప్లాస్టర్ చుట్టిన పాట

"ఆపండి! ఆ పాటనెందుకలా తరుముతున్నారు?"

చర్చి హాల్లో శనివారం డాన్సు జోరు మీద ఉండగా స్టేజి కింద నుంచి వచ్చిన కేక అది. ఆకుపచ్చ రెయిన్‌కోటు, తడిసిన జుట్టు, నడుం మీద చేతులు. కేక వేసింది ఒక్క అమ్మాయే అయినా హాలంతా తిరిగి చూసింది.

రే పాట ఆపలేదు కానీ వాడి చెవులు ఎర్రబడ్డాయి. మా బ్యాండులో గిటారు వాయిస్తూ పాడేది వాడే, రేమండ్ థర్ల్‌వెల్. బేస్ గిటారు లెస్‌ది. డ్రమ్ములు నావి, నా పేరు నార్మన్. డ్రమ్ములవాడికి లోకమంతా వీపు వైపు నుంచే కనిపిస్తుంది కాబట్టి రే మనసులో ఏముందో నాకు వాడి చెవులే చెప్పాలి.

పాట అవగానే వాడు స్టేజి దిగాడు.

"ఏంటండీ మీ గొడవ?"

"గొడవ చేసింది మీరు. ఆ పాట ఎవరిదో తెలుసా అసలు?"

"ఎల్జీ పెటిగ్రూది. షికాగో ఆయన. సౌత్ షీల్డ్స్ మొత్తం మీద ఆ పేరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే."

"అలాగా! మరి నాది ఏ ఊరంటారు?"

అమ్మాయి వదల్లేదు. "ఆ రికార్డు ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. అది మా వంటింట్లో ఉంది. మా అన్నయ్య ఓడలో వంటవాడు. న్యూ ఆర్లీన్స్ నుంచి చొక్కాల్లో చుట్టి తెచ్చాడు."

"ఒక్కటే ఉందన్న మాట నిజమే. కానీ అది ఉన్నది మా ఇంట్లో. షికాగోకి రాసి తెప్పించుకున్నా. పోస్ట్‌మాన్ కోసం గేటు దగ్గర కాపలా కూడా కాశా."

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. ఊళ్ళో మహారాజు తనొక్కడే అనుకుంటున్నవాడికి పక్క వీధిలో ఇంకో మహారాణి ఎదురుపడితే ఎలా ఉంటుందో, అలా ఉంది వ్యవహారం.

ఆ ఏడాది, అంటే అరవై మూడులో, మా ఇంగ్లీషు రేవు ఊరి కుర్రాళ్ళకి పట్టిన పిచ్చి అది. అమెరికాలో నల్లజాతి గాయకులు పాడిన బ్లూస్ పాటలకి వాళ్ళ దేశపు రేడియోల్లోనే సరిగా చోటుండేది కాదు. మాకేమో అవి ప్రాణం. బస్సులో ఎవడి చంకలోనైనా అలాంటి రికార్డు కనిపిస్తే దిగాల్సిన స్టాపు వదిలేసి మరీ వాడితో స్నేహం చేసేవాళ్ళం.

"మీరు రికార్డు విన్నారో, రైలు విన్నారో నాకు తెలీదు," అంది అమ్మాయి. "రేపు మా ఇంటికి రండి. అసలు పాట వినిపిస్తా. నా పేరు డోరీన్ లెయిడ్లర్."

మర్నాడు కుండపోత వాన. రేతో పాటు నేనూ వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు కానీ అలాంటి తమాషా వదులుకునేంత వెర్రివాణ్ణి కాదు.

తలుపు తీసింది వాళ్ళమ్మ. రే గిటారును చూసింది, తడిసిన బూట్లను చూసింది, చేత్తో వంటింటి దారి చూపించింది. పక్కనే ముందు గది, తలుపు గట్టిగా మూసి ఉంది. మా వీధుల్లో ముందు గది అంటే ఇంట్లోవాళ్ళు కూడా కూర్చోని గది. ఫాదర్ వచ్చినా, ఇంట్లో ఎవరైనా పోయినా, ఇంటికి కాబోయే అల్లుడు వచ్చినా తెరుస్తారు. గిటారు పట్టుకుని తిరిగేవాళ్ళకి వంటిల్లే ఎక్కువ.

గ్రామఫోన్ పొయ్యి పక్కన బల్ల మీద ఉంది. ముల్లు ఎగరకుండా దాని చేతికి ఒక రాగి నాణెం అతికించి ఉంది. డోరీన్ రికార్డును ఎత్తిపట్టుకుని, దుమ్ము ఊది, పసిపాపను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది.

"ఒక్కసారే పెడతా. మళ్ళీ మళ్ళీ గీస్తే అరిగిపోతుంది."

'గేటు వేయకే పిల్లా' మొదలైంది. మేం రోజూ వాయించే పాటే. కానీ ఇక్కడ ఆ పెద్దాయన ఆగి ఆగి, ఒక్కో మాటా మనసులోంచి తోడి పెడుతున్నట్టు పాడుతున్నాడు. రే చెవులు కదలకుండా ఉన్నాయి. పాట అవగానే మాత్రం వాడికి పౌరుషం గుర్తొచ్చింది.

"బాగానే ఉంది. ఈ లెక్కన ఆ పిల్ల గేటు వేసి, తాళం పెట్టి, పెళ్ళి కూడా చేసుకుని ఉంటుంది, ఈయన రెండో చరణానికి వచ్చేలోపు."

"నవ్వండి, నవ్వండి! మీ ఇంట్లో ఎలా పాడతాడో అదీ విందాం."

తర్వాతి ఆదివారం రే వాళ్ళింట్లో పాట నిజంగానే పరిగెత్తింది. డోరీన్ వంగి, తిరిగే పళ్ళెం కింద ఏముందో చూసింది. మోటారు కడ్డీకి గాయానికి వేసే ప్లాస్టర్ చుట్టి ఉంది.

"అయ్యో పాపం, దెబ్బ తగిలిందా దీనికి?"

"చక్రం జారుతోందని మా నాన్న చుట్టారు."

"కడ్డీ లావెక్కితే పళ్ళెం తొందరగా తిరగదూ? అందుకే మీ పాటకి అంత దడ!"

"మరి మీదానికి? రబ్బరు చక్రం అరిగి జారిపోతోంది, నేను చూశాలే. అందుకే మీ పాటకి అంత నీరసం!"

"మాదే అసలైనది."

"మాదే."

ఆ ముక్క మీద ఒక వసంతం గడిచిపోయింది. ప్రతి ఆదివారం ఒకరింట్లో వినడం, దారి పొడుగునా పోట్లాడుకోవడం, పోట్లాట తేలలేదని ఇంకో వీధి చుట్టి రావడం. 'మీరు' ఎప్పుడో 'నువ్వు' అయింది. వాన పడితే ఒక్క గొడుగు కిందే పోట్లాడుకునేవాళ్ళు. గొడుగు కింద చోటు దొరకనివాణ్ణి నేనే.

జూన్‌లో ఫెర్రీ రేవు దగ్గర క్లబ్బు నడిపే రాబ్సన్ గారు మమ్మల్ని పిలిపించారు.

"ఎల్జీ పెటిగ్రూ వస్తున్నాడర్రా, శనివారం. బ్యాండు తెచ్చుకోడు, ఒక్కడే వస్తాడు. వెనక మీరే వాయించాలి. రైలు దిగి నేరుగా స్టేజెక్కుతాడు, రిహార్సలు లేదు. బాగా వాయిస్తే వేసవి శనివారాలన్నీ మీవే. చెడగొట్టారో, మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు."

రే ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగుతోనే డోరీన్ దగ్గరికి పరిగెత్తాడు. వెనకే నేను.

డోరీన్ చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నిజంగా? ఆయనే? మన ఊరికి?" అని, వెంటనే, "అయితే ఆ పరుగుపందెం మానెయ్ రే. ఆయన ముందు అలా వాయిస్తే పరువు పోతుంది," అంది.

"నా పరువు సంగతి నేను చూసుకుంటాలే."

"నీ పరువు కాదు, ఆయనది! ఆయనకి అది గుండెకోత. నీకు డాన్సులో అమ్మాయిల్ని ఎగిరించే ఆట."

"అంతేనా నేను నీకు? ఆటలాడేవాణ్ణా?"

"నేనలా అన్నానా?"

"అదేగా అన్నావు. అంత సిగ్గుగా ఉంటే శనివారం రాకు."

"రానులే!"

తలుపు ధడాలున పడింది. ఎప్పుడూ ఎర్రబడే చెవులు ఆ రోజు తెల్లగా పాలిపోయాయి.

ఆ వారం రిహార్సల్లో రే ఆ పాట ఎత్తుకున్నాడు. నేను అలవాటు ప్రకారం పరుగు మొదలెట్టి, వాడు వెనకబడ్డాడని చూసి ఆగాను.

"ఏంట్రా, ఒంట్లో బాలేదా?"

"ఇలా వాయిద్దాం రా."

"ఇది డోరీన్ వాళ్ళ వంటింటి పాట."

వాడు తీగలు సవరిస్తున్నట్టు తల దించుకున్నాడు. "ఆ రోజు విన్నప్పట్నుంచీ నా చెవిలో అదే తిరుగుతోందిరా నార్మ్. దానితో పాటు తనూ తిరుగుతోంది. శనివారం వస్తే వింటుంది. రాకపోతే... రాకపోయినా ఇలాగే వాయిస్తా."

శనివారం క్లబ్బులో కాలు పెట్టే చోటు లేదు. పెటిగ్రూ గారు బూడిదరంగు సూటు, టోపీతో వచ్చారు. మా ఊరి చలిగాలికి, జూన్ నెల అయినా సరే, మెడకి మఫ్లరు చుట్టుకున్నారు. మా ముగ్గురినీ చూసి, "స్కూల్నుంచి నేరుగా వచ్చారా నాయనా?" అన్నారు. తర్వాత, "నన్ను చూసి వాయించండి, అంతే," అన్నారు.

మొదటి పాటే 'గేటు వేయకే పిల్లా'. రే డోరీన్ వేగం ఎత్తుకున్నాడు. పెద్దాయన కనుబొమ్మలు పైకి లేచాయి. ఆయన పాడే వేగం అది కాదు, మా పాత పరుగూ కాదు. పోనీ అని మేం సర్దుకునేలోపే ఇంకో తంటా. ఇలాంటి పాటల్లో పన్నెండు లెక్కకి చరణం తిరుగుతుందని మేం రికార్డుల్లో నేర్చుకున్నాం. ఆయన తొమ్మిదికే తిరిగారు. మళ్ళీ చరణం పదమూడు దాకా లాగారు. రే పెదాలతో లెక్కపెడుతూ మునిగిపోతున్నాడు. లెస్ ఒక దారి, నేనొక దారి. రాబ్సన్ గారు తల పట్టుకున్నారు. వెనక ఎవడో ఈల వేశాడు.

"లెక్కపెట్టకు రే! ఆయన కాలు చూడు! కాలు!"

ఆకుపచ్చ రెయిన్‌కోటు. స్టేజికి ఆనుకునే నిలబడి ఉంది.

రే తల దించాడు. పెద్దాయన ఎడమ బూటు నేల మీద ఆడుతోంది. చరణం తిరగబోయే ముందు మడమ ఒక్కసారి గట్టిగా పడుతోంది. అంతే, మిగతాది ఆయన ఇష్టం. రే చూపు ఆ బూటుకి అతుక్కుంది. వాడి వెంట లెస్, లెస్ వెంట నేను. పాట దారిలో పడింది. చివరి చరణానికి పెద్దాయన వెనక్కి తిరిగి రేకి కన్ను కొట్టారు. వాడి చెవులు దీపాల్లా వెలిగాయి.

విరామంలో ఆయన డోరీన్‌ని వెనక గదికి పిలిపించారు.

"ఇంత కేక ఈ బక్కపిల్లదేనా! మా అమ్మ కూడా చర్చిలో ఇలాగే అరిచేది. కాలు సంగతి నీకెలా తెలిసిందమ్మా?"

"మా రికార్డులో పాట వెనకాల ధన్ ధన్ అని వినిపిస్తుందండీ. నెమ్మదిగా తిరుగుతుందిగా, అన్నీ వినిపిస్తాయి. అది డ్రమ్మనుకునేదాన్ని. ఇవాళ మీ బూటు చూశాక తెలిసింది."

రే ఉండబట్టలేక అడిగేశాడు. "సార్, ఒక్క మాట. తన గ్రామఫోన్ నెమ్మది, నాది తొందర. రెండిట్లో మీ పాట ఏది?"

ఆయన పకపకా నవ్వారు. "రెండూ కాదు నాయనా. ఆ రికార్డే నా పాట కాదు. మూడు నిమిషాల్లో ముగించమని గాజు అద్దం అవతల నుంచి రికార్డింగువాళ్ళు వేలు తిప్పుతుంటే ఆదరాబాదరాగా పాడేశాను. అసలు పాట మా ఊళ్ళో, పని దిగాక, వరండాలో పాడుకునేది. అది ఎవరూ రికార్డు చెయ్యలేదు." రే వైపు తిరిగి, "ఏదీ, నీ తొందర పాట వినిపించు," అన్నారు.

"వద్దండీ. మీ ముందు అది..." రే డోరీన్ వైపు చూశాడు.

"వాయించు," అంది డోరీన్. గొంతు మెత్తగా ఉంది.

రెండో భాగం మేమే మొదలుపెట్టాం. రే మైకు దగ్గర గొంతు సవరించుకున్నాడు. "ఈ పాట ఎల్జీ పెటిగ్రూ గారిది. పరుగు మాత్రం మా నాన్న చుట్టిన ప్లాస్టర్‌ది."

హాలు గొల్లుమంది. ఇక మేం ఆగలేదు. కుర్చీలు గోడలకి వెళ్ళాయి, జనం నేల అదిరేలా ఎగిరారు. పక్కన నిలబడ్డ పెద్దాయన బూటు కూడా మా వేగం అందుకుంది.

అయ్యాక రే భుజం మీద చెయ్యి వేశారు. "ఇది నా పాట కాదు. దానికి పుట్టిన పిల్ల. పెంచుకో. కానీ ఎక్కడ పాడినా ఇందాక చెప్పినట్టే నా పేరు చెప్పు. చాలామంది చెప్పరు."

"చెబుతా సార్," అన్నాడు రే. తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎంత పెద్ద హాల్లో వాయించినా వాడు ఆ మాట తప్పలేదు. డ్రమ్ముల వెనక నుంచి విన్నవాణ్ణి, నేను సాక్షి.

బయట మళ్ళీ వాన. ముగ్గురం నడుస్తున్నాం. ఒకే గొడుగు, ఎప్పటిలాగే.

"రానన్నావుగా?"

"పాట కోసం వచ్చా."

"పాట కోసమేనా?"

"నువ్వేంటి, నీ పరువు నువ్వే చూసుకుంటానని, నా వేగంలో వాయించావు?"

రే ఆగిపోయాడు. "నువ్వు వింటావని. నువ్వంటే నాకిష్టం డోరీన్. నువ్వు తిడుతుంటే ఇంకా ఇష్టం. ఆ రోజు రావద్దన్నాను చూడు, అప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు."

డోరీన్ గొడుగు వాడి చేతికిచ్చి, వాడి రెండో చెయ్యి పట్టుకుంది. నాకు వాన గురించి హఠాత్తుగా చాలా ఆసక్తి పుట్టి, అటు తిరిగి చూశాను.

వాళ్ళ ఇంటి తలుపు మేం కొట్టకముందే తెరుచుకుంది.

"వచ్చావా నాయనా!" డోరీన్ వాళ్ళమ్మ రేని పట్టుకుంది. "నీ వల్లే కదా ఇదంతా! బుధవారం నుంచి ఈ పిల్ల నా మందుల డబ్బాలో ప్లాస్టర్ అంతా గ్రామఫోన్‌కి చుట్టింది. ఆ అమెరికా ఆయన పిల్లిలా అరుస్తున్నాడు, ఇదేమో దానికి వంటింట్లో ఒక్కతే ఎగురుతోంది, మధ్యలో ఏడుస్తోంది!"

"అమ్మా!" డోరీన్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మొదటిసారి వాళ్ళిద్దరిలో ఎర్రబడ్డవి డోరీన్ చెవులు.

వాళ్ళమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. కలిసి ఉన్న చేతులు చూసింది. జేబులోంచి తాళంచెవి తీసి, ముందు గది తలుపు తెరిచింది.

"బూట్లు తుడుచుకుని రా బాబూ. ఇందులో కూర్చో."

రే గడప దగ్గర చాలాసేపు బూట్లు తుడిచాడు. వాడి వెనకే నేనూ ఒక కాలు లోపల పెట్టబోయాను. ఆవిడ భుజం పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పింది.

నాకు మాత్రం టీ వంటింట్లోనే ఇచ్చారు.