చుక్క వెంట చూపు

"నాకు పిచ్చెక్కిందో, ఎవరైనా ఎక్కిస్తున్నారో మీరే తేల్చాలి సార్!"

కుర్చీ అంచున కూర్చున్న టైలరమ్మ మాటలకు డిటెక్టివ్ తొణకలేదు. పక్కనున్న అసిస్టెంటు అమ్మాయికి మాత్రం తల తిరిగినంత పనైంది.

టైలరమ్మ తల్లికి స్కిజోఫ్రీనియా, లేని గొంతులు వినిపించే మానసిక జబ్బు. అలాంటి కుటుంబాల వాళ్ల కళ్ల కదలికల మీద పరిశోధన జరుగుతోందంటే ఆమె ఆస్పత్రికి వెళ్లింది. తెర మీద మెల్లగా జరిగే చుక్కను చూపుతో వెంబడించాలి. ఆమె చూపు వెనకబడి, గెంతులు వేసింది. ఆ జబ్బున్న చాలామందికీ అంతేనట.

"పరీక్ష జరిగిన ఉదయం ఎలా ఉన్నారు?" అడిగాడు డిటెక్టివ్.

"మత్తుగా. అక్క మా ఇంటికొచ్చినప్పటి నుంచీ అంతే. రాత్రి తను కలిపిచ్చే పాలు తాగితే ఒళ్లు తెలియని నిద్ర. పొద్దున సూదిలో దారం ఎక్కేది కాదు."

"ఇప్పుడో?"

"భయమేసి ఈ వారం స్నేహితురాలింట్లో ఉంటున్నా. కుట్టు బాగానే సాగుతోంది. అదే అర్థం కావట్లేదు!"

డిటెక్టివ్ తన పెన్నును ఆమె ముఖం ముందు అటూ ఇటూ జరిపాడు. ఆమె చూపు తడబడకుండా దాని వెంట నడిచింది.

మర్నాడు ఆస్పత్రి గదిలో అక్కాచెల్లెళ్లను, ఆ పరిశోధన చేస్తున్న డాక్టరమ్మను కూర్చోబెట్టాడు. టైలరమ్మకు రెండోసారి చేసిన పరీక్షలో, ఆమె చూపు కదలికను చూపే గీత తెర మీద నున్నగా సాగింది.

"అయితే యంత్రం తప్పా సార్?" అంది అసిస్టెంటు అయోమయంగా.

"కాదు. నిద్రమాత్రలు కూడా చూపును అలాగే గెంతిస్తాయి. అవునా డాక్టరుగారూ?"

"అవును. కానీ ఏ మందులూ వాడట్లేదని ఆవిడే చెప్పారు. అయినా ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు. ఆనవాలుగా పనికొస్తుందేమోనని చూస్తున్నామంతే."

"తెలిస్తేగా చెప్పడానికి! పాలల్లో కలిపింది మీరే కదమ్మా?" డిటెక్టివ్ అక్క వైపు తిరిగాడు.

అక్క తల దించుకుంది. "అమ్మ జబ్బు మొదలైంది నిద్ర పట్టకే. ఇదేమో అర్ధరాత్రి దాకా మిషను తొక్కుతుంటే నా గుండె గుభేలుమంది. కాస్త పడుకుంటే చాలనుకున్నా."

"నాకు చెప్పకుండానా? నన్ను నేనే నమ్మలేకపోయానక్కా!"

"ఆ మాత్రలు ఎవరికి రాసినవి?" డిటెక్టివ్ గొంతు మెత్తబడింది.

"నాకే. నిద్ర పట్టట్లేదని మాత్రమే చెప్పి తెచ్చుకున్నా." అక్క డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఇంట్లో ఎవరూ లేకపోయినా నన్నెవరో పిలుస్తున్నారు. డాక్టరుగారూ, ఆ చుక్క నేనూ చూడనా?"

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో, ఎవరి మీద జాలిపడాలో అసిస్టెంటుకు పాలుపోలేదు.

డాక్టరమ్మ తెర ఆపేసింది. "చుక్క సంగతి తర్వాత. ముందు ఆ పిలుపేమిటో చెప్పండి, వింటాను."

టైలరమ్మ ముఖంలో కోపం అలాగే ఉంది. అయినా కుర్చీని అక్క పక్కకు లాక్కుని కూర్చుంది.