గాడుల్లేని టైర్లు, శుక్రవారం వాన

"మీరు అమ్మింది టైర్లా, రాళ్ళా?"

ఫోనులో అవతలి మనిషి హిందీలో అరిచాడు. ఫౌజియా రిసీవరును చెవికి కాస్త దూరంగా జరిపింది.

మధ్యాహ్నం రెండు గంటలు. జెద్దాలో ఆ వేళకు కొట్లన్నీ మూసి ఉంటాయి. కింద షరఫియా వీధిలో టైర్ల కొట్టు షట్టరు దించేసి, మేడమీద ఇంట్లో ఆమె తండ్రి మస్తాన్ వలీ ఫ్యాను కింద నిద్రపోతున్నాడు. నాలుగింటికి మళ్ళీ కొట్టు తెరిచేదాకా వచ్చే ఫోన్లు ఇంట్లోనే మోగుతాయి. వాటిని ఎత్తి, ఎవరికి ఏ టైరు కావాలో రాసిపెట్టడం ఫౌజియా పని.

ఆ పనికి తండ్రి ఒక షరతు పెట్టాడు. "మేడమీద ఇరవై ఏళ్ళ ఆడపిల్ల ఉండాదని బజారుకంతా తెలియాల్సిన పనిలేదు. ముసలామె మాదిరి మాట్లాడు." అందుకని ఆమె గొంతు బొంగురు చేసుకుని, మాటల మధ్య రెండుసార్లు దగ్గి, ఫోను ఎత్తిన ప్రతిసారీ యాభై ఏళ్ళ మనిషి అయిపోయేది. పాకిస్తానీ డ్రైవర్లు, హైదరాబాదు మెకానిక్కులు అందరూ ఆమెను 'ఖాలా' అని పిన్ని వరస పెట్టి పిలిచేవాళ్ళు.

"ఏ బండి నాయనా?" అని హిందీలోనే అడిగింది.

"చిన్న రేసు బండి. రెండే సీట్లు. మీ కొట్లో అన్నిటికంటే వెడల్పువి, అన్నిటికంటే గట్టివి తెచ్చి వేశాం. మలుపు తిప్పితే సబ్బు మీద కాలేసినట్టు జారిపోతోంది."

ఫౌజియా రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి తెలుగులో గొణుక్కుంది. "ఈయప్పకు నడపను రాదు, నింద మాత్రం టైర్ల మీద."

చెయ్యి సరిగ్గా అడ్డం పెట్టినట్టు లేదు. అవతల అరుపు ఆగిపోయింది. కాసేపటికి తెలుగు వినిపించింది.

"మీది యాడ ఖాలా?"

ఆమె నాలుక కరుచుకుంది. "రాయచోటి."

"నాది మదనపల్లె. పేరు హబీబ్. ఇంకమీద తెలుగులోనే తిట్టండి పెద్దమ్మా. హిందీ తిట్లు నాకు సరిగ్గా ఎక్కవు."

పెద్దమ్మ నవ్వు ఆపుకోవడానికి మూడోసారి దగ్గింది.

"సరే, బండి బరువెంత?"

"తొమ్మిదివందల యాభై కేజీలు."

"మరి ఆ టైర్లు దానికి రెండింతలుండే బండ్లకు కదా. ఆ రబ్బరు బాగా నలిగి వేడెక్కితేనే రోడ్డును పట్టుకుంటాది. అంత తేలిక బండి దాన్ని ఎట్ల నలిపేది?"

"జెద్దా ఎండలో వేడెక్కని వస్తువు ఉంటాదా పెద్దమ్మా?"

"ఎండకు ఎక్కేది పైవేడి. నేను చెప్పేది లోపలి వేడి. నీ బండికి ఇంత వెడల్పు వద్దు. సన్నంగా, మెత్తగా ఉండేవి చూడు. చక్రం తేలికైతే బండి కూడా మాట వింటాది."

"ఇవన్నీ మీకెట్ల తెలుసు?"

"మా ఆయన టైర్ల వ్యాపారి కదప్పా" అనేసి, లేని మొగుణ్ణి తలుచుకుని ఫౌజియా చెవులదాకా ఎర్రబడింది.

నిజం వేరే ఉంది. గల్ఫ్ యుద్ధం మొదలైన శీతాకాలం తల్లినీ కూతుర్నీ మస్తాన్ వలీ రాయచోటికి పంపించేశాడు. జెద్దా ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి సగంలో ఆగింది. ఏడాది తర్వాత తిరిగొచ్చేసరికి ఆమె బెంచీలో కూర్చున్నవాళ్ళంతా ఎటు వాళ్ళు అటు వెళ్ళిపోయారు. ఇంట్లో చదవడానికి మిగిలినవి తండ్రి తెచ్చే టైర్ల క్యాటలాగులే. పక్కన డిక్షనరీ పెట్టుకుని, కథల పుస్తకాల్లాగా వాటినే చదివింది.

*

హబీబ్ పనిచేసే షెడ్డు ఊరికి ఉత్తరాన, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ కొడుకు నాసిర్‌కు ఆ చిన్న బండంటే ప్రాణం. శనివారం నుంచి బుధవారం దాకా అందులోనే ఆఫీసుకు వెళ్తాడు. గురువారం సెలవు రోజున దాన్నే ఊరి బయట పాత రన్‌వే మీద వేసిన ట్రాకులో పరుగు తీయిస్తాడు. రోడ్డుకూ ట్రాకుకూ నప్పే టైర్లు చూసే బాధ్యత హబీబ్‌ది.

మర్నాడు రెండింటికి మళ్ళీ ఫోను మోగింది. ఆ మర్నాడు కూడా.

"ట్రాకు మీద ఐదు చుట్లు తిప్పి టైరు మీద చెయ్యి పెట్టి చూడు" అని నేర్పింది ఫౌజియా. "లోపలి అంచు, నడుమ, బయటి అంచు. మూడు చోట్లా."

"చూసినా. నడుమ కాల్తాంది పెద్దమ్మా."

"గాలి ఎక్కువైనాది. రెండు పాయింట్లు తగ్గించు."

"మీరు వచ్చి చూస్తే బాగుండు."

"ఈ మోకాళ్ళతో యాడికి వచ్చేది నాయనా."

ఫోను పెట్టేశాక ఆమె కిటికీ పక్కన కూర్చునేది. సగం మూసిన తలుపు సందులోంచి ఎండ చాప మీద సన్నగా పడేది. ఎప్పుడూ చూడని ఒక అరచెయ్యి నల్లటి రబ్బరు మీద ఆగడం ఆమెకు కనబడేది. లోపలి అంచు, నడుమ, బయటి అంచు. ఆ వేడి తన అరచేతికి కూడా తగిలినట్టుండి పిడికిలి మూసుకునేది.

"ముసలి గొంతుతో మాట్లాడతా పడుచు నవ్వు నవ్వుతాండావు" అంది తల్లి సుగ్రా బేగం, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. ఆమెకు ప్రతిదానికీ భయమే. "మీ నాయన వింటే ఫోను పెరికి కింద పెట్టుకుంటాడు."

"టైర్ల గురించే మా."

"నేనూ టైర్లాయన పెండ్లాన్నే. ఇరవై రెండేండ్లలో ఒక్కనాడన్నా అట్ల నవ్వినానా?"

చివరికి రెండు జతలు ఖాయమయ్యాయి. రోడ్డుకు సన్నటివి, లోతైన గాడులున్నవి. ట్రాకుకు జిగురులాంటి మెత్తటి రబ్బరువి, గాడులు దాదాపు లేనివి. వాడని జత రిమ్ములతో సహా మస్తాన్ వలీ కొట్లోనే ఉంటుంది. గురువారం పొద్దున హబీబ్ వచ్చి మార్చుకోవడం, శుక్రవారం సాయంత్రం మళ్ళీ మార్చుకోవడం. కొట్టు ముందు రేకుల పందిరి అడ్డం, మేడమీదికి చప్పుళ్ళే వినబడేవి.

"ట్రాకు టైర్లతో ఊర్లో తిరగొద్దు. వానొస్తే నీళ్ళు పోయే దారి ఉండదు వాటికి" అంది ఫౌజియా.

"జెద్దాలో వాన యాడిది పెద్దమ్మా? మీరు మా అమ్మ మాదిరే లేని వానకు గొడుగు పడతాండారు."

టైర్ల మాటలు అయిపోయినా ఫోను పెట్టడం అతనికి చేతనయ్యేది కాదు. యుద్ధం అప్పుడు కువైట్ సరిహద్దు దగ్గరి హఫర్ అల్ బాతిన్‌లో లారీల టైర్లకు పంచర్లు వేశాడట. "సైరను మోగితే గ్యాసు మాస్కు ఏసుకునేది. నా ఊపిరి నాకే ఇనపడేది పెద్దమ్మా, ఇంకేమీ ఇనపడేది కాదు. ఎవరితోనన్నా మాట్లాడాలని ఉండేది."

ఆ రోజుల్లోనే ఫౌజియా రాయచోటిలో రేడియోకు చెవి ఆనించి, జెద్దా పేరు వస్తుందేమోనని వణికిపోతూ కూర్చుంది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. తండ్రి కోసం భయపడిన కూతురి మాట అది, పెద్దమ్మది కాదు. దగ్గి ఊరుకుంది.

*

ఫోన్లు మొదలై మూడు నెలలయ్యాక, ఒక బుధవారం నాడు హబీబ్ గొంతులో ఉషారు లేదు.

"మా అమ్మ పుంగనూరులో పిల్లను చూసినాది. శుక్రవారం రాత్రి ఫోన్ చేసి సరేనో కాదో చెప్పమనింది. మీరేమంటారు పెద్దమ్మా?"

ఫౌజియా ఫోను తీగను వేలికి చుట్టుకుంది. వేలి చివర తెల్లబడింది.

"నేనేం చెప్పేది? నీకెట్ల అనిపిస్తాంది?"

"పిల్లను చూడలే. మీ మాదిరి మాట్లాడే మనిషైతే కండ్లు మూసుకోని సరేనందును."

ఇప్పుడు తన గొంతుతో మాట్లాడితే? తండ్రికి తెలిస్తే ఫోను పోతుంది. మూడు నెలలు ముసలిదానిలా నమ్మించిన పిల్ల గురించి అతను ఏమనుకుంటాడు? అబద్ధాలకోరు అనుకుంటాడు. పెద్దమ్మ అయితే ఏం చెప్తుందో అదే ఆమె నోటికి వచ్చింది.

"తల్లి చూసిన పిల్ల కదా. సరేనను."

అవతల పానా కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మీరు చెప్పినారంటే సరే" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం, ఆ మర్నాడు ఆమె అన్నం కెలికి లేచింది. సుగ్రా బేగం ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. జ్వరమైతే బాగుండును అన్నట్టు చూసింది.

*

శుక్రవారం మూడున్నరకు వెలుగు మారిపోయింది. సముద్రం వైపు నుంచి ఊదారంగు మబ్బు వచ్చి షరఫియా మీద కూర్చుంది. మొదటి చినుకులు దుమ్ములో గుండ్రటి గుర్తులు పెట్టాయి. ఆ వాసనకు వీధిలో జనం ముఖాలు పైకెత్తి నిలబడ్డారు. ఎవరో చేతులు చాచారు. తర్వాత ఆకాశం కొళాయి విప్పినట్టయింది.

కిటికీలో ఫౌజియా కూడా చెయ్యి చాచింది. నాలుగు చినుకులు అరచేతిలో పడ్డాయి. ఐదో చినుకుకు చెయ్యి వెనక్కి లాక్కుంది.

శుక్రవారం. బండికి ఇంకా ట్రాకు టైర్లే ఉన్నాయి. కొట్టు తెరిచే వేళకు అతను బయల్దేరతాడు. ఇరవై కిలోమీటర్లు.

వీధిలో నీళ్ళు అప్పుడే చీలమండ దాటాయి. ఆమె పరిగెత్తి, ఆర్డర్ల పుస్తకంలో అతను ఇచ్చిన షెడ్డు నంబరు వెతికి తిప్పింది. ఇన్నాళ్ళలో తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదటిసారి.

ఆరుసార్లు మోగాక ఎత్తాడు. "హలో, ఎవరు? నేను బయల్దేరతాండా."

"వద్దు, బండి తియ్యొద్దు" అంది ఫౌజియా. "ఆ టైర్లకు గాడుల్లేవు. అంత తేలిక బండి నీళ్ళ మీద పడవ మాదిరి తేలిపోతాది. బ్రేకు తొక్కినా నిలబడదు. మీకేమన్నా అయితే నేనేం కావాల? కూర్చోండి. యాడికీ పోవద్దు."

అవతల రేకుల మీద వాన మోత వినిపిస్తోంది.

"పెద్దమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "ఇది మీ గొంతేనా?"

అప్పుడు తెలిసింది ఆమెకు, దగ్గు మర్చిపోయిందని. మొదటి మాట నుంచీ మర్చిపోయిందని.

"ఇదే నా గొంతు" అని ఫోను పెట్టేసింది.

వెనక్కి తిరిగేసరికి మస్తాన్ వలీ గడపలో నిలబడి ఉన్నాడు. లుంగీ సవరించుకుంటూ, నిద్ర పూర్తిగా పోయిన కళ్ళతో.

"ఎవురు?"

దాచడానికి ఏమీ మిగల్లేదు. చెప్పింది. బండి బరువు, రెండు జతల టైర్లు, పుంగనూరు పిల్ల, తను చెప్పిన సలహా, అన్నీ. సుగ్రా బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

మస్తాన్ వలీ చొక్కా వేసుకుని కిందికి దిగాడు. వానలో షట్టరు పైకి లేచిన చప్పుడు. పికప్‌లో నాలుగు చక్రాలు ఒక్కొక్కటిగా పడిన చప్పుడు. తర్వాత బండి నీళ్ళు చీల్చుకుంటూ వెళ్ళిపోయింది.

"ఆ పిల్లోణ్ణి కొడతాడేమో" అంది తల్లి. "లేదంటే ఈయనే యాడన్నా నీళ్ళల్లో ఇరుక్కుంటాడేమో. అల్లా, ఎవరి గురించని భయపడేది నేను."

రెండున్నర గంటలు గడిచాయి. వాన సన్నబడి, వీధి దీపాల కింద జల్లెడ పట్టినట్టు పడుతోంది. మలుపులో పికప్ కనిపించింది. దాని వెనకాలే, సన్నటి టైర్ల మీద, నీళ్ళను రెండు పక్కలకూ పద్ధతిగా తోసుకుంటూ ఒక పచ్చటి చిన్న బండి.

మస్తాన్ వలీ తల తుడుచుకుంటూ పైకి వచ్చాడు.

"నేను పొయ్యేసరికి తాళం చెవి గోడకు తగిలించి స్టూలు మీద కూర్చోనుండాడు" అన్నాడు భార్యతో, కూతురి వైపు చూడకుండా. "ఫోను సంగతి తెలిసినట్టు చెప్పలే. ఇంత వానకే భయమేంది, మెల్లగా పోనీయచ్చు కదా అన్నా. పోనంటే పోననినాడు. ఎందుకప్పా అంటే, ఇంట్లో మనిషి వద్దనిందన్నా అన్నాడు."

సుగ్రా బేగం కూతుర్ని చూసింది. ఫౌజియా నేలను చూసింది.

"ఎవురా మనిషి అంటే పేరు తెలీదంట. చూడను కూడా లేదంట. మాట మాత్రం దాటడంట." మస్తాన్ వలీ కుర్చీలో కూలబడ్డాడు. "నలభై మందికి టైర్లు బిగించినా ఈ నెలలో. నెమ్మదిగా పోండ్రా అంటే ఒక్కడన్నా విన్నాడా? పైకి రమ్మను. తడిసిపోయుండాడు."

హబీబ్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. ఆమె ఊహించినంత పొడుగు లేడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. టీ గ్లాసు అందిస్తూ ఆమె మొదట చూసింది అరచేతుల్ని. గీతల్లోకి రబ్బరు నలుపు ఇంకిపోయి ఉంది.

"మీ పేరు?" అన్నాడు, ఆమెకు మాత్రమే వినిపించేంత మెల్లగా.

"ఫౌజియా."

"ఈ రాత్రి మా అమ్మకు ఫోన్ చెయ్యాల. ఏం చెప్పమంటారు? పెద్దమ్మనైతే అడగను, ఆమె ఒకసారి తప్పు సలహా ఇచ్చినాది."

ఆమె తండ్రి వైపు చూసింది. మస్తాన్ వలీ టీ ఊదుకుంటూ, "నన్నెందుకు చూస్తావు మా? అడిగింది నిన్ను" అన్నాడు.

"పుంగనూరు వద్దని చెప్పండి" అంది ఫౌజియా.

హబీబ్ నంబరు తిప్పాడు. మదనపల్లెలో పక్కింటి ఫోను దగ్గర అతని తల్లి మహబూబ్బీ కనిపెట్టుకునే కూర్చుంది. "అమ్మా, అది కాదు మా... నేను చెప్పేది విను మా..." అని అతను నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ ఆగిపోయాడు. అవతలి గొంతు గదంతా వినిపిస్తోంది.

సుగ్రా బేగం కాసేపు చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. జీవితంలో ఎప్పుడూ ఫోను ముందుకు వెళ్ళని మనిషి, రిసీవరు అతని చేతిలోంచి తీసుకుని చెవికి పెట్టుకుంది.

"వదినా," అంది. "పిల్లోడు తడిసినాడు గానీ బాగుండాడు. నువ్వు భయపడొద్దు. ఇంక మనిద్దరం మాట్లాడుకుందాం."